గూడెంలో గది కట్టే ముందు: గుంటూరు, విజయవాడ దాతల కోసం

గుంటూరు, విజయవాడ ప్రాంతంలో స్థిరపడినవారిలోనూ, ఇక్కడి నుంచి విదేశాలకు వెళ్ళి సొంత ఊరికి ఏదైనా చేయాలని తపించేవారిలోనూ దానగుణానికి లోటు లేదు. గుడికీ, బడికీ, శ్మశానవాటికకూ, తాగునీటి ట్యాంకుకూ వీరు ఇచ్చిన విరాళాలు ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తాయి. అయితే అదే దాత యానాదుల గూడెం కోసమో, ఎరుకల కాలనీ కోసమో, సుగాలీ తండా కోసమో, పాత గుంటూరులోని ఒక పేద ముస్లిం పేట కోసమో డబ్బు తీసినప్పుడు, అది చాలాసార్లు ఒక గదిగా, ఆ గది గోడకు ఒక శిలాఫలకంగా మారి, రెండు మూడేళ్ళకు తాళం పడి ఆగిపోతోంది. ఆ స్థితి రాకుండా ఏ పని ముందు, ఏ పని తరువాత చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. గది కట్టడానికి అయ్యే ఖర్చు కంటే దాన్ని పదేళ్ళపాటు రోజూ తెరిచి ఉంచడానికి అయ్యే ఖర్చు పెద్దది. ఆ రెండో ఖర్చుకు దారి చూసుకున్న తరువాతే శంకుస్థాపన గురించి ఆలోచించాలి. తాళంచెవి మాత్రం మొదటి రోజు నుంచీ గూడెం వారి చేతిలోనే ఉండాలి.

ఎవరి కోసం

యానాదులు, ఎరుకలు, సుగాలీలు ముగ్గురూ షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నవారే అయినా, వారి జీవితాలు ఒకదానికొకటి చాలా దూరం. యానాదులు తెలుగే మాట్లాడతారు. కాలువ గట్ల మీద, చెరువుల పక్కన, పొలాల అంచున చిన్న చిన్న గుంపులుగా ఉంటూ చేపలు, పీతలు పట్టడం, వరిచేలలో ఎలుకలు పట్టడం, చేపల చెరువులకు కాపలా ఉండటం వంటి పనులతో బతుకుతారు. ఎరుకలకు తమిళానికి దగ్గరగా ఉండే సొంత భాష ఉంది. తట్టలు, బుట్టలు అల్లడం, పందుల పెంపకం వారి పాత వృత్తులు. సుగాలీల ఇంటి భాషకు తెలుగుతో చుట్టరికమే లేదు. అందుచేత తండాలో పుట్టిన పిల్ల ఒకటో తరగతిలో వినే తెలుగు ఆమెకు కొత్త భాష అవుతుంది. ఇక దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు మతరీత్యా ముస్లింలు, ఇంట్లో ఎక్కువగా తెలుగు మాట్లాడేవారు, రిజర్వేషన్ల లెక్కలో వెనుకబడిన తరగతులవారు. కాబట్టి ‘మైనారిటీల కోసం ఒక హాలు’ అని మొదలుపెట్టిన పథకం ఎవరికీ సరిగ్గా అమరదు. ఏ పేట, ఎన్ని ఇళ్ళు, ఏ పనిమీద బతుకుతున్నారు, ఏ నెలల్లో ఊళ్ళో ఉండరు అన్నవి కాగితం మీద రాసుకున్న తరువాతే ఏదైనా.

ఈ ప్రాంతంలో ఇంకొక సంగతి కూడా మనసులో పెట్టుకోవాలి. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో తెచ్చి, తరువాత మద్రాసు రాష్ట్రానికీ విస్తరించిన నేరస్థ తెగల చట్టం కింద ఎరుకలను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టి, బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలోనూ, కృష్ణ ఒడ్డున సీతానగరంలోనూ సెటిల్‌మెంట్లలో ఉంచారు. వాటి నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థ చేతిలో ఉండేది. అక్కడ బడి ఉంది, పని ఉంది, ఇల్లు ఉంది. వాటితోపాటు రోజూ హాజరు వేయించుకోవడం, అనుమతి లేకుండా ఊరు దాటకపోవడం కూడా ఉన్నాయి. ఆ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. ‘మిమ్మల్ని బాగుచేయడానికి వచ్చాం’ అని బయటివాళ్ళు కట్టిన భవనం ఎలా ఉంటుందో ఆ కుటుంబాల పెద్దలకు చెప్పనక్కరలేదు. తరువాతి కాలంలో విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి వెళ్ళిన సంఘ సంస్కర్తలు లవణం, హేమలతా లవణం దంపతులు స్టూవర్టుపురంలో ఏళ్ళ తరబడి పనిచేశారు. వారి నుంచి ఈనాటి దాత తీసుకోవలసింది ఒకటే, మనుషులతో కూర్చునే ఓపిక.

ఆ ఓపికతోనే మొదలుపెట్టాలి. డబ్బు గురించి మాట్లాడకుండా, కెమెరా పట్టుకోకుండా, పనుల నుంచి తిరిగి వచ్చాక, అంటే చీకటి పడే వేళకు వెళ్ళి కూర్చోండి. కులపెద్దతో మాట్లాడి సరిపెట్టుకోవద్దు. ఆడవాళ్ళతో విడిగా, పదో తరగతి దాటిన ఒకరిద్దరు పిల్లలతో విడిగా మాట్లాడాలి. ఏం కావాలి అని అడిగితే, దాత ముఖం చూసి ఆయనకు నచ్చే జవాబే చెబుతారు. దానికి బదులు నిరుడు వానాకాలంలో ఏ వస్తువులు తడిసి పాడయ్యాయి, పెళ్ళి జరిగితే వంట ఎక్కడ చేస్తారు, బడి మానేసిన పిల్ల ఏ తరగతిలో, ఏ నెలలో మానేసింది, ఆధార్ కార్డు, కుల ధ్రువపత్రం లేని ఇళ్ళు ఎన్ని అని అడగండి. ఇటువంటి ప్రశ్నలకు వచ్చే జవాబులు విన్నాక, మీరు అనుకున్న డిజిటల్ క్లాస్‌రూమ్ కంటే ఒక సోలార్ దీపం, నీళ్ళు తగలని ఎత్తులో ఒక ఇనుప బీరువా, తలుపున్న ఆడవాళ్ళ మరుగుదొడ్డి ముందు అవసరమని తేలవచ్చు. తేలితే ఒప్పుకోవాలి.

స్థలం

తొందరపాటు వల్ల ఎక్కువ డబ్బు పోయేది స్థలం దగ్గరే. గూడెంలో ఎవరో ఒక పెద్దమనిషి ‘నా రెండు సెంట్లు ఇస్తాను, కట్టండి’ అంటారు. ఆ మాట నిజాయితీగా అన్నదే అయినా, ఆ స్థలం ప్రభుత్వం పంచిన డీ పట్టా భూమి అయి ఉండవచ్చు. అసైన్డు భూముల బదలాయింపును నిషేధించే 1977 నాటి చట్టం ప్రకారం అటువంటి భూమిని ఇష్టం వచ్చినట్టు అమ్మడానికీ, దానంగా రాసి ఇవ్వడానికీ వీలు ఉండదు. ఆ తరువాత వచ్చిన సవరణలు ఆ కుటుంబానికి వర్తిస్తాయో లేదో తహసీల్దారు కార్యాలయంలోనే తేల్చుకోవాలి. కాలువ గట్టు, వాగు, చెరువు పోరంబోకులైతే ఆ మాటే వద్దు. అక్కడ కట్టిన గదిని ఎప్పుడైనా కూల్చేయవచ్చు, దానితోపాటు చుట్టూ ఉన్న ఇళ్ళ మీద కూడా అధికారుల దృష్టి పడవచ్చు. మీ దానం వల్ల వాళ్ళ నీడ పోయే పరిస్థితి రాకూడదు.

స్థలం కొంటున్నా, దానంగా తీసుకుంటున్నా సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో ఆ స్థలం మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ తీయించి, రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద ఉన్న నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూసి, పొలం నుంచి విడగొట్టిన స్థలమైతే ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో అడంగల్, 1బీ నకళ్ళు కూడా సరిచూసుకోవాలి. దానపత్రం ఇద్దరు సాక్షుల సంతకాలతో రిజిస్టరు అయితేనే చెల్లుతుంది. నోటిమాట మీద, నోటరీ కాగితం మీద గోడలు లేపకూడదు. పత్రం ట్రస్టు పేరున ఉండాలి తప్ప దాత పేరున గానీ, కులపెద్ద పేరున గానీ ఉండకూడదు.

అన్నిటికంటే నాకు నచ్చే మార్గం అసలు కట్టకపోవడం. వాడుకలో లేని బడి గది, పాత అంగన్‌వాడీ భవనం, తాళం వేసి ఉన్న సామాజిక భవనం, చర్చికో మసీదుకో ఆనుకుని ఉన్న ఖాళీ హాలు దగ్గరలో ఉంటే, సంబంధిత శాఖ నుంచో కమిటీ నుంచో రాతపూర్వక అనుమతి తీసుకుని, రంగు వేసి, కరెంటు బాగుచేయించి వాడుకోవచ్చు. అద్దెకు తీసుకుంటే లీజును రిజిస్టరు చేయించాలి. ఇలా మిగిలిన డబ్బు నడపడానికి పనికొస్తుంది.

కట్టక తప్పనప్పుడు నేల ఎత్తు గురించి పట్టుబట్టండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట ప్రాంతాలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్న సంగతి విజయవాడవారికి ఎవరూ గుర్తుచేయనక్కరలేదు. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వెళ్ళింది. పేదల పేటలు ఉండేది పల్లంలోనే. ఆ సంవత్సరం నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడివారిని అడిగి, గోడ మీద గీత గీయించుకుని, అరుగు దానికంటే పైకి వచ్చేట్టు, స్విచ్ బోర్డులు, పుస్తకాల బీరువాలు ఇంకా పైన ఉండేట్టు మేస్త్రీకి చెప్పాలి. అప్పుడు ఆ గదే వరద రోజుల్లో పదిమందికి ఆసరా అవుతుంది.

ట్రస్టు పత్రంలో ఏ మాటలు ఉండాలి

ఇద్దరు ముగ్గురు దాతలే అయితే పబ్లిక్ చారిటబుల్ ట్రస్టు, పేటవారు ఎక్కువమంది సభ్యులుగా ఉండాలనుకుంటే సొసైటీ మేలు. సొసైటీకి 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఇప్పటికే నమ్మకంగా పనిచేస్తున్న సంస్థ ఆ ప్రాంతంలో ఉంటే కొత్తది పెట్టకుండా దానికే, ఫలానా పనికి అని రాసి ఇవ్వడం ఇంకా మంచిది.

అసలు చిక్కు ఉద్దేశాలు రాసే పేరాలో వస్తుంది. ఇది చాలామంది ఆడిటరు దగ్గరకు వెళ్ళిన తరువాత గానీ తెలుసుకోరు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఒక ప్రత్యేక మతంవారి కోసమో, కులంవారి కోసమో ఏర్పాటైన ట్రస్టుకు దాతలకు ఆదాయపు పన్నులో మినహాయింపు ఇచ్చే 80జీ గుర్తింపు రాదు. అటువంటి చారిటబుల్ ట్రస్టు 13(1)(బీ) సెక్షన్ కింద తన ఆదాయంపై మినహాయింపును కూడా పోగొట్టుకుంటుంది. అయితే షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగలు, వెనుకబడిన తరగతులు, స్త్రీలు, పిల్లల మేలు కోసం పెట్టిన సంస్థను మతానికో కులానికో పరిమితమైనదిగా లెక్కించకూడదని చట్టమే వివరణ ఇచ్చింది. అందుచేత ‘ఫలానా మండలంలోని షెడ్యూల్డు తెగల కుటుంబాల విద్య, ఉపాధి శిక్షణ, ఉమ్మడి వసతుల కోసం’ అని రాస్తే ఇబ్బంది లేదు. ‘ముస్లిం విద్యార్థుల కోసం’ అని రాస్తే ఇబ్బంది వస్తుంది. అక్కడ ‘ఫలానా వార్డులోని పేద కుటుంబాల పిల్లలు, స్త్రీల కోసం’ అని రాయాలి, రాసినట్టే ఆ పేటలోని ఏ ఇంటి పిల్లనైనా లోపలికి రానివ్వాలి. కాగితం మీద ఒకటి, వాకిట్లో ఒకటి అనే పద్ధతి నాకు సమ్మతం కాదు. అది పేటలో ఇరుగుపొరుగుల మధ్య కూడా మంచిది కాదు.

ఇక్కడ చెప్పిన సెక్షన్లు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోనివి. 2025 నాటి కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తిస్తుంది, అందులో సెక్షన్ల సంఖ్యలు మారాయి కనుక దరఖాస్తు పెట్టేటప్పుడు ఆడిటరుతో సరిచూసుకోండి. దాతలకు కూడా రెండు మాటలు స్పష్టంగా చెప్పాలి. 80జీ మినహాయింపు పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే దొరుకుతుంది. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చినదానికీ, బియ్యం, పుస్తకాలు, కంప్యూటర్ల వంటి వస్తురూపంలో ఇచ్చినదానికీ అది వర్తించదు.

పత్రంలోనే మరికొన్ని నిబంధనలు ఉండాలి. ట్రస్టీలలో సగానికి పైగా ఆ సమూహానికి చెందినవారు, వారిలో కనీసం ఇద్దరు స్త్రీలు ఉండాలి. బ్యాంకు ఖాతాలో ఇద్దరి సంతకాలు ఉమ్మడిగా ఉండాలి, అందులో ఒకటి పేటవారిది కావాలి. సంతకం రానివారు ట్రస్టీ కాలేరని ఎక్కడా లేదు. తీర్మానాలు తెలుగులో రాసి, సమావేశంలో బిగ్గరగా చదివి వినిపించి, ఆ తరువాతే వేలిముద్ర తీసుకోవాలి. ట్రస్టు మూతపడితే ఆస్తి దాత కుటుంబానికి తిరిగి రాదని, అటువంటి పనే చేసే మరొక చారిటబుల్ సంస్థకు పోతుందని రాయాలి. ఇది పన్ను శాఖ కూడా చూసే విషయమే.

విదేశాల నుంచి వచ్చే విరాళం

గుంటూరు, కృష్ణా జిల్లాల్లో అమెరికాలో ఎవరో ఒకరు ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి ఈ ప్రశ్న తప్పక వస్తుంది. భారత పాస్‌పోర్టుతోనే ఉన్న ప్రవాస భారతీయుడు తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపిన డబ్బును విదేశీ విరాళంగా లెక్కించరు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, పుట్టింది తెనాలిలోనే అయినా సరే, 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) దృష్టిలో విదేశీ దాతలే. వారి డబ్బు తీసుకోవాలంటే ట్రస్టుకు ఆ చట్టం కింద నమోదు గానీ, ముందస్తు అనుమతి గానీ ఉండాలి, ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే రావాలి. నమోదుకు సాధారణంగా సంస్థకు మూడేళ్ళ వయసు, ఆ మూడేళ్ళలో ఆశయాల మీద 15 లక్షల రూపాయల ఖర్చు చూపాలి. నమోదు ఉన్న వేరే సంస్థ ఖాతాలో వేయించి అక్కడి నుంచి మళ్ళించుకోవడం 2020 సవరణ తరువాత కుదరదు. అన్నయ్య పౌరసత్వం మారింది, తమ్ముడిది మారలేదు అన్న ఇళ్ళు ఉంటాయి. ఎవరి ఖాతా నుంచి ఎంత వచ్చిందో, పాస్‌పోర్టు నకలుతో సహా, తొలి రూపాయి నుంచే విడిగా పెట్టుకోవాలి.

కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు చేసే సీఎస్‌ఆర్ నిధుల కోసం వెళ్ళాలంటే ట్రస్టుకు కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 నమోదు అవసరం. ఆ డబ్బు ఒక ఏడాది వచ్చి మరుసటి ఏడాది రాకపోవచ్చు కనుక జీతాలకు దాని మీద ఆధారపడకండి. బీరువాలు, కంప్యూటర్లు, మరుగుదొడ్ల వంటి ఒక్కసారి ఖర్చులకు వాడండి.

నడిపే ఖర్చు

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. దాతలంతా కలిసి 40 లక్షల రూపాయలు సమకూర్చారనుకుందాం. మామూలుగా అయితే ఆ మొత్తంతో రెండంతస్తుల భవనం లేస్తుంది. నా సలహా ఏమిటంటే 15 లక్షలకు మించకుండా ఒక పెద్ద గది, వరండా, మరుగుదొడ్లు కట్టి, 25 లక్షలను మూలనిధిగా బ్యాంకులో ఎఫ్‌డీ వేయాలి. వడ్డీ 7 శాతం ఉంటే ఏటా 1,75,000 వస్తుంది, అంటే నెలకు సుమారు 14,500. సాయంత్రం పూట నాలుగు గంటలపాటు గది తెరిచి పిల్లలను కూర్చోబెట్టే మనిషికి 9,000, శుభ్రం చేసేవారికి 2,000, కరెంటుకు 1,500, పుస్తకాలకూ చిన్న మరమ్మతులకూ 2,000 అనుకుంటే నెల గడుస్తుంది. గొప్పగా ఏమీ గడవదు. కానీ ఏ దాతా గుర్తుపెట్టుకోని ఏడాదిలో కూడా గది తెరుచుకుంటుంది.

మూలనిధికి ఇచ్చేవారు ‘ఇది మూలనిధికి’ అని రాతపూర్వకంగా ఇవ్వాలి, దాన్ని బ్యాంకు డిపాజిట్లు, పోస్టాఫీసు, ప్రభుత్వ బాండ్ల వంటి చట్టం అనుమతించిన వాటిలోనే ఉంచాలి. తెలిసినవారి చిట్టీలో వేసో, ఎక్కువ వడ్డీకి తిప్పో పెంచుదామనుకుంటే మినహాయింపూ పోతుంది, కొన్నిసార్లు అసలూ పోతుంది. వడ్డీని ఇష్టం వచ్చినట్టు కూడబెట్టడం కూడా కుదరదు; ఏడాది ఆదాయంలో 85 శాతం ఆశయాల మీద ఖర్చు చేయాలన్నది నియమం. పదేళ్ళకు ధరలు పెరిగి ఆ 14,500 చాలదు కాబట్టి పుట్టినరోజులకు, పెద్దల తద్దినాలకు ఇచ్చే చిన్న మొత్తాలను మూలనిధికి చేర్చే అలవాటు దాతల కుటుంబాల్లో పెట్టాలి.

గది నడిపే మనిషిని ఆ పేట నుంచే ఎంచుకోవాలి. డిగ్రీ లేకపోయినా పరవాలేదు. ఇంటర్ వరకు చదివిన గూడెం ఆడపిల్లకు నెల జీతం ఇచ్చి, ఆమె డిగ్రీ ఫీజు కూడా ట్రస్టే కడితే, ఆమెను చూసే పదిమంది తల్లులు తమ పిల్లలను బడి మాన్పించే ముందు ఒకసారి ఆలోచిస్తారు. పట్నం నుంచి బైకు మీద వచ్చి వెళ్ళే మాస్టారు ఎంత మంచివాడైనా ఆ పని చేయలేడు.

చదువు

గదిలో ట్యూషన్ చెప్పించడం అందరికీ తడుతుంది. దానికంటే ముందు చేయవలసింది కాగితాల పని. జనన ధ్రువపత్రం, ఆధార్, కుల ధ్రువపత్రం, తల్లి పేరున బ్యాంకు ఖాతా, ఈ నాలుగూ లేక బడిలో పేరు ఉన్నా స్కాలర్‌షిప్పు రాని పిల్లలు ఎందరో. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలుకొని అనేక పనులకు జనన ధ్రువపత్రమే ఆధారం అవుతుంది కాబట్టి, ఇప్పటి పసిపిల్లల విషయంలో జాప్యం చేయకూడదు. కులధ్రువపత్రానికి తాతతండ్రుల కాగితాలు అడిగినప్పుడు యానాది కుటుంబాల దగ్గర ఏమీ ఉండవు. వారి వెంట ఊరి సచివాలయానికీ, తహసీల్దారు కార్యాలయానికీ వెళ్ళి, విచారణకు వచ్చిన అధికారికి పేటను చూపించి, వచ్చిన పత్రాన్ని లామినేట్ చేయించి బీరువాలో ఒక నకలు ఉంచే పనిని గది నిర్వాహకురాలి విధుల్లో రాసి పెట్టాలి. ఆమె ఆటో ఖర్చులు కూడా లెక్కలో వేసుకోవాలి.

రెండోది కాలం సంగతి. పల్నాడులో, గుంటూరు చుట్టుపక్కల మిరప కోతలు ముమ్మరంగా సాగేది జనవరి నుంచి ఏప్రిల్ దాకా. పిల్లలు బడి మానేది కూడా అప్పుడే, పరీక్షలు వచ్చేది కూడా అప్పుడే. తల్లిదండ్రులు వలస వెళితే పిల్లలను వెంట తీసుకుపోతారు, లేదంటే పెద్ద పిల్లను చంటివాడి కోసం ఇంటి దగ్గర ఉంచుతారు. కాబట్టి ఏడాది ఖర్చులో సగం ఈ నాలుగు నెలలకే కేటాయించి, ఊళ్ళో ఉండిపోయే అవ్వలకు కొంత ఇచ్చి పిల్లలను చూసుకోమనడం, గదిలో మధ్యాహ్నం నుంచే చంటిపిల్లలకు చోటు ఇవ్వడం, వలస వెళ్ళేవారి పిల్లల కోసం ప్రభుత్వ విద్యా పథకం సమగ్ర శిక్షా కింద నడిచే సీజనల్ హాస్టళ్ళ గురించి మండల విద్యాశాఖాధికారిని డిసెంబరులోనే అడగడం అవసరం. జూన్‌లో నోటుపుస్తకాలు పంచి ఫొటో తీసుకోవడం తేలిక. ఫిబ్రవరిలో ఆ పిల్ల బడిలో ఉందో లేదో చూడటమే అసలు పని.

సొంతంగా హాస్టలు నడపాలన్న ఆలోచన వస్తే మానుకోవడం మంచిదని నా అభిప్రాయం. సంరక్షణ అవసరమైన పిల్లలను రాత్రిళ్ళు ఉంచుకుని చూసే సంస్థలకు 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం కింద నమోదు తప్పనిసరి, దానికి తగిన సిబ్బంది, వసతి, తనిఖీలు ఉంటాయి. గిరిజన గురుకులాల్లో సీట్ల కోసం దరఖాస్తులు పెట్టించి, చేరిన పిల్లలను నెలకొకసారి చూసి రావడానికి తల్లిదండ్రుల బస్సు ఛార్జీలు ఇవ్వడం అంతకంటే ఎక్కువ ఫలితం ఇస్తుంది. బడి మానేసి ఏళ్ళు గడిచినవారికి సార్వత్రిక విద్యాపీఠం (ఓపెన్ స్కూల్) ద్వారా పదో తరగతి రాసే వీలుంది. దానికి 14 ఏళ్ళు నిండితే చాలు.

పగటి గదిలోనూ పిల్లల భద్రత విషయంలో మొహమాటం పనికిరాదు. పిల్లలతో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి. కిటికీలు బయటికి కనబడేట్టు ఉండాలి. పనిలో చేరేవారికి, వచ్చిపోయే వాలంటీర్లకు పోలీసు వెరిఫికేషన్ చేయించాలి. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలియజేయడం పోక్సో చట్టం ప్రకారం ప్రతి ఒక్కరి బాధ్యత. పేట పరువు, ట్రస్టు పేరు అని ఆగడానికి వీలులేదు. పిల్లల సహాయ నంబరు 1098ని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

శిక్షణ

శిక్షణ అనగానే కుట్టు మిషన్లు కొనడం మన దగ్గర అలవాటుగా మారింది. పది మిషన్లు వరుసగా పెట్టి ప్రారంభోత్సవం చేస్తే చూడటానికి బాగుంటుంది. కానీ పేటలో ఉన్న అన్ని ఇళ్ళకూ సరిపడా కుట్టుపని ఎవరు ఇస్తారన్న ప్రశ్నకు జవాబు లేకుండా అది మొదలుపెట్టకూడదు. ట్రస్టు తానే శిక్షణ ఇవ్వాలన్న పట్టుదల కూడా వదులుకోవచ్చు. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉచితంగా, భోజనం, వసతితో శిక్షణ ఇస్తాయి. ఐటీఐలు ఉన్నాయి. రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ కోర్సులు ఉన్నాయి. యానాది యువకుడు అక్కడికి వెళ్ళలేకపోవడానికి కారణం ఫీజు కాదు, ఆ నెల రోజులు అతను తెచ్చే కూలి లేకపోతే ఇంట్లో పొయ్యి వెలగకపోవడం. కాబట్టి దాత డబ్బుతో చేయవలసిన అసలు పని ఆ కూలిని భర్తీ చేయడం. శిక్షణ ఎన్ని రోజులైతే అన్ని రోజులకూ, హాజరు చూసి, వారం వారం, ఇంట్లోని స్త్రీ ఖాతాలో వేయాలి.

విజయవాడ ఆటోనగర్ ఇంత దగ్గరలో ఉండగా, అక్కడ మెకానిక్, వెల్డింగ్, బాడీ బిల్డింగ్, ఆటో ఎలక్ట్రికల్ పనులు చేసే షెడ్లవారితో నేరుగా మాట్లాడటం ఒక మంచి దారి. 18 ఏళ్ళు నిండినవారినే పంపాలి, ట్రస్టు భత్యం ఇస్తుంది, షెడ్డు యజమాని పని నేర్పుతాడు, ఆరు నెలల తరువాత జీతం యజమానే ఇస్తాడు అని కాగితం మీద రాసుకోవాలి. కులం పేరు చెప్పి ఎగతాళి చేసే చోట యువకులు నిలవరు; మొదటి నెలలో వారానికి ఒకసారి వెళ్ళి అడిగి తెలుసుకోవాలి.

డ్రైవింగ్ విషయంలో చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటి ఉంది. రవాణా వాహనం నడపడానికి ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నియమాన్ని కేంద్రం 2019లో తీసేసింది. ఇప్పుడు 20 ఏళ్ళు నిండి, పరీక్షలకు తయారైతే, బడి ముఖం చూడనివాడు కూడా కుటుంబానికి నెల జీతం తేగలడు. రోడ్డు గుర్తుల పరీక్షకు బొమ్మలతో తయారుచేయడం, లెర్నింగ్ లైసెన్సు నుంచి అన్ని రుసుములు కట్టడం, కంటి పరీక్ష చేయించి అవసరమైతే అద్దాలు కొనివ్వడం ట్రస్టు చేయగలిగిన పనులు. భారీ వాహనాలకు వెళ్ళాలంటే కార్ల లైసెన్సు వచ్చి కనీసం ఏడాది గడవాలి కనుక రెండేళ్ళ లెక్క వేసుకోవాలి.

పాత వృత్తిలోనే ఉంటామన్నవారికి కొత్త శిక్షణ బలవంతంగా రుద్దకూడదు. చేపలు పట్టే కుటుంబానికి సొంత వల, తెప్ప, ఐసు పెట్టె ఉంటే, వాటి కోసం ఎవరి దగ్గరో అడ్వాన్సు తీసుకుని ఏళ్ళ తరబడి ఆ చెరువు దగ్గరే ఉండిపోవలసిన అవసరం తప్పుతుంది. అటువంటి అప్పుకింద మనిషి కదలకుండా ఉన్నాడని తెలిస్తే అది 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం పరిధిలోకి వచ్చే విషయం; దాత అప్పు తీర్చి విడిపించేబదులు రెవెన్యూ అధికారుల దృష్టికి తీసుకువెళ్ళాలి, ఎందుకంటే ఆ చట్టం ప్రకారం ఆ అప్పు చెల్లదు.

లెక్కలు

నెలనెలా జమాఖర్చులు తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసి గది తలుపు పక్కన అంటించాలి. చదవలేనివారి కోసం నెలకొక సాయంత్రం చదివి వినిపించాలి. ‘కరెంటుకు 1,500 ఎందుకు అయింది, ఫ్యాను పగలు కూడా తిరుగుతోందా’ అని పేటలో ఒక ముసలమ్మ అడిగిందంటే అది మంచి గుర్తు. ఆ ప్రశ్నకు ట్రస్టీలు నొచ్చుకోకుండా మీటరు చూపించి జవాబు చెప్పాలి. ఏటా ఆడిట్, పన్ను రిటర్ను, దాతల వివరాలతో ఏటా పన్ను శాఖకు ఇచ్చే ఫారం (1961 చట్టం కింద 10బీడీ, గడువు మే 31), దాతలకు ఇచ్చే విరాళ ధ్రువపత్రం (ఆ చట్టం కింద 10బీఈ) ఆడిటరు చూసుకుంటారు. ఆ ఫీజు కూడా నడిపే ఖర్చులో భాగమే, ఉచితంగా చేయించుకుంటే ఆలస్యమైనప్పుడు అడగలేరు.

గది పెళ్ళిళ్ళకు, పెద్దకర్మలకు, సంఘం సమావేశాలకు కూడా ఇవ్వాలి. చదువు గది కనుక ఇంకేమీ జరగకూడదంటే అది పేటవారికి పరాయిదిగానే ఉండిపోతుంది. శుభ్రం చేసే రుసుము ఎంత, పరీక్షల నెలలో ఏ రోజులు ఇవ్వకూడదు, ఎన్నికల వేళ ఏ పార్టీ జెండా అయినా లోపలికి రాకూడదు అన్న మూడు నియమాలు పేటవారే కూర్చుని రాసుకుంటే చాలు. దాతల పేర్లు ఎక్కడో ఒకచోట ఉండాలని కుటుంబం పట్టుబడితే లోపలి గోడ మీద చిన్న పలక పెట్టవచ్చు. బయటి గోడ మీద పేట పేరు ఉండాలి. ఫొటోల విషయంలో, ఏదైనా అందుకుంటున్న పిల్లల ముఖాలను దాతల వాట్సాప్ గ్రూపులకు పంపకూడదని మొదటి సమావేశంలోనే తీర్మానం చేయండి.

మూడో ఏడు చివర దాతలు బ్యాంకు సంతకం నుంచి తప్పుకోవాలి. ఆ తేదీని ట్రస్టు పత్రంలోనే రాసి ఉంచితే వాయిదా వేయడానికి సాకులు దొరకవు. ఆ తరువాత సంతకం చేయబోయే ఇద్దరు పేట ట్రస్టీలకు చెక్కు రాయడం, పాస్‌బుక్కు సరిచూడటం, ఆడిటరుతో మాట్లాడటం నేర్పడానికి మూడేళ్ళు చాలా ఎక్కువ సమయమే. దాతలు ఆ తరువాత కూడా ట్రస్టీలుగా ఉండవచ్చు, ఏటా ఒక సమావేశానికి రావచ్చు, కొత్త విరాళాలు తేవచ్చు. ఖర్చు మీద నిర్ణయం మాత్రం ఆ రోజు నుంచి పేటవారిది.